రెండు చుట్ల గుడ్డ

అత్త పోయిన సంగతి నాకు బస్సులో తెలిసింది. మదురైలో కళ్ల డాక్టరుకు చూపించుకుని తిరుగు బస్సు ఎక్కానో లేదో పక్కింటి అమ్మాయి ఫోన్ చేసింది. పొద్దున కాఫీ తాగి కుర్చీలో వాలిన మనిషి వాలినట్టే పోయిందట. కాఫీ లోటా కూడా చేతిలోనే ఉందట. మా ఊరు రాజపాళయం చేరడానికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటల్లో నేను సరిగ్గా ఏడవనైనా లేదు, అత్త ఉన్న పాత నాణేల సంఘం వాళ్లు మాత్రం ఫ్లెక్స్ కట్టేశారు.

బస్టాండులో దిగి తలెత్తగానే అదే కనిపించింది. పైన బంగారు రంగులో యాభై అంకె, దాని చుట్టూ పూలతీగ. మూడు వారాల కింద సంఘం స్వర్ణోత్సవానికి వేయించిన డిజైనే అది. కింద ‘కన్నీటి అంజలి’ అని మాత్రం కొత్తగా చేర్చారు. మధ్యలో అధ్యక్షుడు, ఇటు కార్యదర్శి, అటు కోశాధికారి, ముగ్గురూ తెల్లచొక్కాల్లో చేతులు జోడించి నిలువెత్తున ఉన్నారు. అత్త ఒక మూలన, తపాలా బిళ్లంత. నేను అక్కడే నిలబడి చూస్తుంటే షేర్ ఆటో అతను అడిగాడు.

"ఏం మా, ఈ ముగ్గురులో ఎవురు పోయినారు?"

నవ్వు వచ్చింది. ఆ వెంటనే ఒళ్లు మండింది. ఆ మంట ఇంకా చల్లారలేదు. కోపం తగ్గాక రాయమని మా ఆయన అంటున్నాడు. తగ్గితే నేను రాయను, నాకు తెలుసు.

ఇంకా అచ్చు కాని స్వర్ణోత్సవ సంచికలో చేర్చడానికి అత్త గురించి తమిళంలో ఒక పేజీ రాసిమ్మని కార్యదర్శి అడిగాడు. ‘మనసును కరిగించేలా’ ఉండాలట. ఆ పేజీ రాయలేదు. ఇది తెలుగులో రాస్తున్నాను. మా ఊళ్లో మేం ఇంట్లో తెలుగు మాట్లాడతాం గానీ చదువంతా తమిళమే. తెలుగు అక్షరం ముందు పెడితే మాలో చాలామంది కోడిగీతలనుకుంటారు. నాకు ఈ అక్షరాలు వచ్చాయంటే అత్త వల్లే. ఆమె నేర్చుకున్నది కూడా బళ్లో కాదు, నాణేల మీద.

ఆమె మా నాన్నకు చెల్లెలు. పెళ్లి చేసుకోలేదు. మా పక్కింట్లోనే ఉండేది. నూలు మిల్లులో కౌంట్ చూసే ల్యాబులో పనిచేసింది. నూలు చుట్టి, తూచి, అది ఎంత సన్నమో చెప్పే పని. రోజంతా అద్దాల పెట్టెలో ఉన్న చిన్న త్రాసు ముందు ఊపిరి బిగబట్టి కూర్చునేది. ఫ్యాను గాలి తగిలినా ముల్లు కదులుతుంది కాబట్టి, ఇంటి దగ్గర నాణేలు తూచేటప్పుడు కూడా ఆమె ఫ్యాను ఆపేసేది. ఎండాకాలం మధ్యాహ్నం మేమంతా చెమటలు కక్కుతూ ఉండేవాళ్లం. ఎవరికీ అడిగే ధైర్యం లేదు.

నాకు ఎనిమిదేళ్లప్పుడు ఒక సెలవు రోజు మధ్యాహ్నం, వంకీల అంచు ఉన్న పాత అణా ఒకటి కిటికీ గట్టు మీద పెట్టి నన్ను పిలిచింది. దాని మీద నాలుగు భాషల్లో ఒకటే మాట ఉంటుంది. వాటిలో తమిళం లేదు, తెలుగు ఉంది. నేను ఆత్రంగా నాణేన్ని అరచేతిలోకి తీసుకున్నాను. నా వేళ్ల మీద చటుక్కున ఒకటి పడింది.

"అంచు పట్టుకో. మొగం తాకొద్దు. నిన్ను ఎవురన్నా మొగం పట్టుకొని లేపితే ఊరుకుంటావా?"

అంచు పట్టుకున్నాను. అప్పుడు చూపించింది. ఒ. క. అ. ణా. నాలుగు అక్షరాలు. అవి చాలని నేను అనుకున్నాను. ఆమె అనుకోలేదు. రెండణాలు, నాలుగణాలు వచ్చాయి, ఆ తర్వాత ఆంధ్రా నుంచి వచ్చే లారీల వెనక రాతలు, మందుల డబ్బాలు. ఏడాది తిరిగేసరికి నేను చదవగలిగాను. ఇప్పుడు ఈ రాత మీ చేతిలో ఉందంటే ఆ అణా పుణ్యమే.

నాణేల సంఘాన్ని ఐదుగురు కలిసి మిల్లు క్యాంటీన్ వెనక రేకుల షెడ్డులో మొదలుపెట్టారు. ఐదుగురిలో అత్త ఒక్కతే ఆడది. మిగతా నలుగురూ ఎప్పుడో పోయారు. ఇప్పుడు సంఘాన్ని నడిపేవాళ్లు తరవాత వచ్చినవాళ్లు. సంఘం నాణేలున్న బీరువా మొదటి నుంచీ అత్త ఇంట్లోనే ఉండేది. ల్యాబులోకి కరెంటు త్రాసు వచ్చి పాతదాన్ని పాత ఇనుముకి వేయబోతే, ఆమె మేనేజరును అడిగి ఆ త్రాసును ఇంటికి తెచ్చుకుంది. సంఘానికి వచ్చే ప్రతి నాణేన్నీ దాని మీద పెట్టేది. పాతది ఎంత తూగాలో, అరిగితే ఎంత తగ్గాలో ఆమెకు నోటికి వచ్చు. నకిలీది ఆ త్రాసు దాటి పోలేదు.

కానీ నకిలీదని ఆమె ఎవరి ముఖం మీదా అనలేదు. దానికి ఆమెకో పద్ధతి ఉంది. మా ఇంట్లో బ్యాండేజ్ బట్ట నేసే మగ్గాలున్నాయి. ఆ బట్ట అంచు ముక్కలు ఆమె తీసుకెళ్లి పెట్టుకునేది. చూసిన నాణేన్ని ఆ తెల్లటి పల్చటి గుడ్డలో చుట్టి తిరిగి ఇచ్చేది. నాణెం అసలుదైతే ఒక చుట్టు. నకిలీదైతే రెండు చుట్లు. అంతే. పుచ్చుకున్నవాడు ఇంటికి పోయి విప్పుకుంటే తెలుస్తుంది. నలుగురిలో తలదించుకునే పని ఉండదు. సంఘంలో అందరికీ ఈ లెక్క తెలుసు, అధ్యక్షుడితో సహా.

ఒకసారి సేత్తూరు నుంచి ఒక రైతు వచ్చాడు. బావి పూడిక తీస్తుంటే దొరికిందని పసుప్పచ్చటి నాణెం తెచ్చాడు. వెంట ఊళ్లోవాళ్లు నలుగురు, అందరి కళ్లూ ఆ నాణెం మీదే. అత్త తూచింది. కాఫీ ఇచ్చింది. రెండు చుట్లు చుట్టింది. కొత్తవాడు కదా, ఆ గుర్తు అతనికి తెలియదు. మిగతావాళ్లను కూర్చోబెట్టి, అతనితో పాటు బస్టాపు దాకా నడిచి వెళ్లి దారిలో చెప్పింది. ఏం చెప్పిందో నాకు తెలియదు. ఆ మనిషి మాత్రం మరుసటి నెల సమావేశానికి ఖాళీ చేతుల్తో వచ్చాడు. ఆ తర్వాత సంఘంలో చేరాడు. ఇప్పటికీ నెలనెలా సమావేశం జరిగే రెండో ఆదివారం సేత్తూరు బస్సులో మొదట దిగేది అతనే. ఆ రెండు చుట్ల గుడ్డ ఇంకా విప్పకుండా దేవుడి పటం వెనక పెట్టుకున్నాడట.

నాణేలను తోమకూడదని అత్త ఎన్నిసార్లు చెప్పిందో. కొత్తగా చేరిన ప్రతివాడూ ఇంటికి పోయి చేసే మొదటి పని అదే. చింతపండు వేసి మెరిపించి, గొప్పగా తెచ్చి చూపిస్తాడు. నాణేలు కూడబెట్టేవాళ్లకు తప్ప ఇంకెవరికీ అది తప్పని కూడా తోచదు. అత్త పళ్లు బిగించేది.

"అది మురికి కాదప్పా. వయసు. రేపు నా మొగాన ఉండే ముడతలు కూడా తోమేస్తావా?"

సంఘం ఆల్బంలో మొదటి పేజీలో ఒక రాగి కాసు ఉండేది. కుంపిణీ వాళ్ల కాలం నాటిది. దాని మీద తమిళమూ తెలుగూ రెండూ ఉండేవి. ఎన్ని చేతులు మారిందో, అరిగి నున్నగా అయిపోయింది. అక్షరాల గీతల్లో చేరిన నలుపు వల్లే, కిటికీ దగ్గర కాస్త వంచి పట్టుకుంటే చదవగలిగేవాళ్లం. ఆ నలుపు లేకపోతే అది ఒట్టి రాగి బిళ్ల. అత్తకు ఆ బీరువాలో అన్నిటికంటే అది ఇష్టం. "మనట్ల రెండు భాష మాట్లాడే కాసు" అనేది.

స్వర్ణోత్సవానికి నెల ముందు అత్త స్నానాల గదిలో జారిపడింది. తుంటి ఎముక విరిగింది. ఆసుపత్రిలో ఉండగా అధ్యక్షుడు నాకు ఫోన్ చేశాడు.

"బీరువా తాళం ఇయ్యండి మా. విళాకు పెద్ద పెద్దవాళ్లు వస్తా ఉండారు. కాసులన్నీ అద్దం పెట్టెలో పెట్టాల. అత్తకు మేడ మీద పొన్నాడ కప్పి మరియాద చేస్తాము."

విళా అంటే ఉత్సవం, మేడ అంటే వేదిక, పొన్నాడ అంటే శాలువా. యాభై ఏళ్లలో ఆమెను ఒక్కసారైనా వేదిక ఎక్కించినవాడు లేడు. ఆ శాలువా మాటకు నేను పడిపోయాను. తాళం ఇచ్చాను. అత్తను అడగలేదు. సూది మందుకు నిద్రపోతోంది కాబట్టి అడగలేదని ఇంట్లో చెప్పాను. అది అబద్ధం. అడిగితే వద్దంటుందని తెలిసే అడగలేదు. ఈ నాలుగు మాటలు రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ఉత్సవం రోజు చక్రాల కుర్చీలో ఆమెను కల్యాణ మండపానికి తీసుకెళ్లాను. భోజనాల హాల్లో బల్లల మీద అద్దాల పెట్టెలు, వాటిలో నాణేలు. ధగధగలాడుతున్నాయి. అన్నీ. పాత్రల దుకాణం పనివాళ్లను పెట్టి, చింతపండు, ఉప్పు, ఆ పైన ఇత్తడి మెరుగు పెట్టే ద్రావకం, రెండు రోజులు తోమించారట. అధ్యక్షుడు ఎదురొచ్చాడు, పొంగిపోతూ.

"చూడండి అత్తా! పుత్తం పుదుసు! నిన్న కొట్టిన కాసు మాదిరి ఉండాది కదా?"

సరికొత్తగా, నిన్న కొట్టిన కాసులా ఉందట. అలా మెరిసేదే కావాలంటే నిన్న కొట్టిన కాసునే పెట్టుకోవచ్చు కదా! యాభై ఏళ్ల సంఘానికి అధ్యక్షుడు ఈ మనిషి. బజారులో ఇత్తడి చెంబులు అమ్ముకోవలసినవాడు.

అత్త కుర్చీని బల్ల దగ్గరికి తోయమంది. మొదటి పెట్టె తెరవమంది. ఆ రాగి కాసు తీసింది. కిటికీ వైపు వంచింది. ఇటు వంచింది, అటు వంచింది. ఎర్రగా, నున్నగా, ఏమీ లేదు. అప్పుడు బొటనవేలితో దాని ముఖం మీద తడిమింది. మెల్లగా, రెండుసార్లు. యాభై ఏళ్లలో ఆమె ఒక నాణెం ముఖం తాకడం నేను చూసింది అదొక్కసారే.

తరవాత వేదిక ఎక్కించారు. శాలువా కప్పారు. బంగారు పూత పూసిన స్వర్ణోత్సవ పతకం ఒకటి చేతిలో పెట్టారు. దాని మీద ఒకవైపు సంఘం గుర్తు, రెండో వైపు అధ్యక్షుడి పేరు. పేరే పెద్దగా ఉంది. "మా సంగానికి అమ్మ" అని ఆయన మైకులో అన్నాడు. చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, దేవుడా.

ఇంటికి వచ్చాక ఆ పతకాన్ని అరచేతిలో ఎగరేసి పట్టుకుని అడిగింది.

"ఇది యాడ చెల్లుతాది?"

అప్పుడు అసలు ప్రశ్న వచ్చింది.

"తాళం ఎవురు ఇచ్చినారు?"

"నేనే ఇచ్చినా అత్తా."

తిడుతుందని కాచుకుని కూర్చున్నాను. తిట్టినా బాగుండేది.

"నువ్వు తాళం ఇచ్చినావు. తోమింది వాళ్లు. రెండూ ఒకటి కాదు" అంది. పతకం కిటికీ గట్టు మీద పెట్టి మళ్లీ అంది. "అయినా నన్ను అడిగి ఉండొచ్చు కదా మా."

అంతకంటే ఒక్క మాట ఎక్కువ అనలేదు. ఆ తర్వాత బతికిన మూడు వారాల్లో త్రాసు ముందు కూర్చోలేదు. ఫ్యాను తిరుగుతూనే ఉండేది. ఆమె తుంటి ఎముక వల్ల పోయిందని డాక్టరు చెబుతున్నాడు, వయసు అని చుట్టాలు చెబుతున్నారు. నాకు వైద్యం తెలియదు. ఆ హాల్లో ఆమె బొటనవేలు నాకు తెలుసు.

ఇక ఆమె పోయిన రోజు సంగతి. మా వైపు పోయినవాళ్ల నుదుట చందనం పూసి, దాని మీద ఒక నాణెం అంటిస్తారు. మామూలు ఇళ్లలో ఒక రూపాయి పెడతారు. నాణేల సంఘం వాళ్లకు మాత్రం ఇదొక పోటీ అయిపోయింది. ఎవరు పోయినా వాళ్ల బీరువాలోంచి అన్నిటికంటే అరుదైనది తీసి పెట్టడం, వచ్చినవాళ్లు ఏడుపు మానేసి వంగి వంగి దాన్ని చూడటం. ఒకాయన పోయినప్పుడు నుదుటి మీది పాత వెండి రూపాయి, పాడె లేచేలోపే మాయమైంది. పెద్ద గొడవ. శవాన్ని వాకిట్లో ఉంచి సభ్యులు ఒకరి జేబులు ఒకరు తడుముకున్నారు. ఇంటికి వచ్చి ఆ రోజు అత్త నాతో చెప్పింది.

"నేను పోతే అట్ల చెయ్యొద్దండి. ఎవురి జోబులోనో తిరిగే రూపాయి పెట్టండి, చాలు. కాల్చే ముందు తీసేసి ఎవురికన్నా ఇచ్చేయండి. కాసు నాతో వచ్చి ఏం చేస్తాది? అది తిరగాల."

నేను బస్టాండు నుంచి ఇల్లు చేరేసరికి అత్తను వాకిట్లో పడుకోబెట్టారు. నుదుట చందనం. చందనం మీద బంగారు పూత పతకం. పేరున్న వైపు పైకి. అధ్యక్షుడు పక్కన నిలబడి ఉన్నాడు, కార్యదర్శి ఫోన్‌తో ఫొటో తీస్తున్నాడు. "కొంచెం తళ్లి నిలబడండి మా" అన్నాడు నన్ను, పక్కకు జరగమని. మా అత్త దగ్గర, మా వాకిట్లో, నన్ను.

వంగి పతకం తీసేశాను.

"ఏం మా, ఎందుకు తీస్తా ఉండారు? మరియాద కదా అది?" అన్నాడు అధ్యక్షుడు.

"అత్త చెప్పి పోయింది. తిరిగే రూపాయి పెట్టాల. ఎవురి దగ్గరన్నా ఉండాదా?"

సంఘం మొత్తం అక్కడే నిలబడి ఉంది. ఇళ్లలో బీరువాల నిండా నాణేలున్నవాళ్లు. అందరూ జేబులు తడుముకున్నారు. ఒక్కరి దగ్గరా రూపాయి లేదు. అంతా ఫోన్‌తోనే కట్టేవాళ్లే కదా. నాణేల సంఘంలో నాణెం వాడేవాడు లేడు! ఆ రోజు నేను పెద్దగా నవ్వానట, పిచ్చిదానిలా నవ్వానని చుట్టాలు ఇప్పటికీ చెప్పుకుంటున్నారు. చెప్పుకోనీ.

వెనక నుంచి సేత్తూరు రైతు ముందుకొచ్చాడు. చొక్కా జేబులోంచి ఒక రూపాయి తీశాడు. బస్సు కండక్టరు ఇచ్చిన చిల్లరట.

"ఇప్పుడే బస్సులో ఇచ్చినారు మా. తిరిగేదే ఇది" అన్నాడు. అంచు పట్టుకుని అత్త నుదుట ఆనించాడు. రూపాయి ముఖం తాకలేదు.

మేం ఆడవాళ్లం వీధి చివర ఆగిపోయాం. శ్మశానం దాకా వెళ్లి వచ్చిన ఆ రైతే సాయంత్రం వచ్చి చెప్పాడు. కాల్చే ముందు తనే రూపాయి తీసి కాటికాపరికి ఇచ్చాడట. అతను దాన్ని తుడవకుండానే జేబులో వేసుకుని, పని ముగిశాక ఎదురుగా ఉన్న టీ కడలో, అదే టీ కొట్టులో, మిగతా చిల్లరతో కలిపి ఇచ్చేశాడట.

పతకం నా దగ్గరే ఉండిపోయింది. పదహారో రోజు కర్మ అయ్యాక మగ్గం దగ్గర అంచు ముక్క ఒకటి తీసుకుని, పతకాన్ని అందులో చుట్టి, అధ్యక్షుడి ఇంటికి నేనే వెళ్లి చేతికిచ్చాను. గడప దగ్గర నన్ను చూడగానే, నేను మనసు మార్చుకుని సంచికకు పేజీ తెచ్చానని అనుకున్నట్టున్నాడు, కాఫీ తెమ్మని లోపలికి కేకేశాడు. గుడ్డ చేతికి రాగానే, అత్త దాచిపెట్టిన పాత నాణెం ఏదో అనుకుని ఆశగా విప్పాడు. మొదటి చుట్టు ఊడింది. లోపల ఇంకో చుట్టు తగిలింది. అతని వేళ్లు అక్కడే ఆగిపోయాయి. కాఫీ తాగకుండా వచ్చేశాను.

దానివల్ల ఆ రాగి కాసు మీదికి అక్షరాలు తిరిగి రావు. రాగి మళ్లీ నల్లబడుతుంది గానీ, గీతల్లోనే కాదు, అంతటా ఒకేలా నల్లబడుతుంది. నేను ఇచ్చిన తాళం కూడా వెనక్కి రాదు. కోపం ఎవరి మీద అని అడిగితే, ముందు వాళ్ల మీద, ఆ వెంటనే నా మీద.

ఆ టీ కడ మీదుగా రోజూ వెళుతుంటాను. గల్లాపెట్టె వైపు చూడకుండా ఉండలేను. ఆ రూపాయి అక్కడి నుంచి ఎప్పుడో వెళ్లిపోయింది. ఈపాటికి తళవాయిపురం బస్సులోనో, కూరగాయల సంతలోనో, ఎవరి జేబులోనో ఉంటుంది. ఎప్పుడైనా మీ చేతికి, ఒకవైపు గీతల్లో ఎండిన చందనం పట్టిన రూపాయి వస్తే, అంచు పట్టుకోండి. తోమకండి.